నమ్మకానికి ఆధారాలు ఎవరిస్తున్నారు? – సైన్సు విద్యార్థుల స్వసామర్థ్య విశ్వాసంపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం. జూనియర్, డిగ్రీ కళాశాలల్లో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు బోధించే అధ్యాపకులు ఇంతమంది ఒకచోట కలవడం అరుదు కనుక ఉపోద్ఘాతం తగ్గించుకుని నేరుగా విషయంలోకి వెళతాను. సైన్సు చదివే విద్యార్థికి తన శక్తి మీద ఉండే నమ్మకం దేనివల్ల బలపడుతుంది, దేనివల్ల సన్నగిల్లుతుంది, ఆ సంగతిని పరిశోధకులు ఎలా కనిపెడతారు అన్నది ఈ రోజు నాకు అప్పగించిన అంశం.

మన స్టాఫ్‌రూముల్లో ఈ మాట వచ్చినప్పుడల్లా 'వాడికి కాన్ఫిడెన్స్ లేదండీ' అనేస్తాం. ఎత్తు, రంగు లాగా అది ఆ పిల్లవాడితోపాటు పుట్టిన గుణమన్నట్టు మాట్లాడుకుంటాం. దాదాపు యాభై ఏళ్ల పరిశోధన చెబుతున్నది ఇందుకు భిన్నం. నమ్మకం అనేది విద్యార్థి తన ముందున్న ఆధారాలను చూసి చేరుకునే ఒక నిర్ధారణ. ఆ ఆధారాల్లో చాలా భాగం మనమే, అంటే మన ప్రయోగశాల, మన ప్రశ్నపత్రం, మన సెక్షన్ల విభజన, మన నోటి మాట, అతని ముందు పెడుతున్నాం. కాబట్టి విద్యార్థికి నమ్మకం ఎందుకు లేదని అడిగే ముందు, అతనికి మనం ఎలాంటి ఆధారాలు అందించామని అడగాలన్నది నా వాదన.

ఈ ఆలోచనకు పునాది వేసినవారు ఆల్బర్ట్ బందూరా. కెనడాలో పుట్టి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసి, 2021లో మరణించిన ఈ మనస్తత్వ శాస్త్రవేత్త, 1977లో సైకలాజికల్ రివ్యూ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో స్వసామర్థ్య విశ్వాసం, అంటే ఒక పనిని తాను చేయగలనన్న నమ్మకం, అనే భావనను సిద్ధాంతంగా రూపొందించారు. దాని వెనుక ఉన్న ప్రయోగాలు పాములంటే విపరీతంగా భయపడేవారితో చేసినవి. వేరొకరు పామును పట్టుకోవడం చూసినవారికి కొంత ధైర్యం వచ్చింది. తోడుగా ఒకరుండగా, మెట్టు మెట్టుగా, తామే స్వయంగా పామును తాకి పట్టుకున్నవారికి అంతకంటే ఎక్కువ ధైర్యం వచ్చింది, వారి ప్రవర్తనలోనూ మార్పు ఎక్కువగా కనిపించింది. వీటి నుంచి ఆయన నాలుగు మూలాలను గుర్తించారు: తాను స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, తనలాంటివారు చేస్తుండగా చూసిన అనుభవం, ఇతరులు చెప్పే మాటలు, ఆ పని చేసేటప్పుడు శరీరంలోనూ మనసులోనూ కలిగే స్థితి. వీటిలో మొదటిదే బలమైనదని ఆయన అభిప్రాయం. మాధ్యమిక స్థాయి సైన్సు విద్యార్థులపై బ్రిట్నర్, పజారెస్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో కూడా నాలుగింటిలో విశ్వాసాన్ని స్పష్టంగా సూచించగలిగింది ఆ మొదటి మూలమే.

కొలత గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర జరిగే సర్వేలు చాలావరకు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. 'నీకు ఆత్మవిశ్వాసం ఉందా?' అని అడిగితే వచ్చే జవాబు దేనికీ పనికిరాదు. బందూరా పద్ధతిలో ఒక నిర్దిష్టమైన పనిని పేర్కొని, దాన్ని చేయగలనన్న నమ్మకం ఎంత ఉందో 0 నుంచి 100 వరకు పదేసి పాయింట్ల స్కేలు మీద చెప్పమంటారు. 'చేస్తావా' అని కాకుండా 'చేయగలవా' అనే అడుగుతారు. మొదటిది ఉద్దేశం, రెండవది సామర్థ్యంపై అంచనా. పదిహేనేళ్ల పిల్లలపై అనేక దేశాల్లో జరిగే పీసా సర్వే 2015లో ఇదే దారిలో వెళ్లింది. కొన్ని ప్రాంతాల్లోనే భూకంపాలు ఎక్కువగా ఎందుకు వస్తాయో వివరించడం, వ్యాధి చికిత్సలో యాంటీబయాటిక్ పాత్రను వర్ణించడం, ఆహార పొట్లాల లేబుల్ మీదున్న శాస్త్రీయ సమాచారాన్ని అర్థం చేసుకోవడం వంటి పనులు ఎంత సులువుగా చేయగలరో పిల్లలను అడిగింది. ఇలా అడిగినప్పుడు, తర్వాత అదే పనిని చేయించి, నమ్మకం ఎంతవరకు నిజమో సరిచూసుకునే వీలుంటుంది. నమ్మకాన్ని పెంచడమొక్కటే లక్ష్యమైతే పిల్లలందరినీ భ్రమలో ముంచినా సరిపోతుంది. మనకు కావలసింది చేతనైన పనికి తగిన నమ్మకం. ఈ తేడా వదిలేస్తే ఈ రంగంలోని సగం పరిశోధన అర్థం లేనిదైపోతుంది.

నమ్మకం వల్ల మార్కులు వస్తాయా, మార్కుల వల్ల నమ్మకం వస్తుందా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ఒకే విద్యార్థులను కాలక్రమంలో పలుమార్లు కొలిచిన అధ్యయనాలను క్రోడీకరించిన 2018 నాటి ఒక విశ్లేషణలో ప్రభావం రెండు వైపులా కనిపించింది. అయితే పని నుంచి నమ్మకం వైపు సాగే ప్రభావం, నమ్మకం నుంచి పని వైపు సాగే దానికంటే పెద్దది. ప్రేరణ తరగతుల పేరుతో బయటి నుంచి వక్తలను పిలిపించి, మూడు గంటలపాటు 'నువ్వు సాధించగలవు' అనిపించే కళాశాలలు గమనించవలసిన ఫలితమిది. ఆ మూడు గంటలూ ప్రయోగశాల తలుపులు తెరిచి ఉంచితే ఎక్కువ లాభమని నేను నమ్ముతాను.

ప్రయోగశాల దగ్గరే కాసేపు ఆగుదాం. సరళ లోలకం ప్రయోగం అందరికీ తెలిసిందే. దారం పొడవు మార్చుతూ, ఇరవై డోలనాలకు పట్టిన సమయం చూసి, గురుత్వ త్వరణం కనుక్కోవాలి. జవాబు సెకనుకు సెకనుకు 980 సెంటీమీటర్ల దగ్గర రావాలని విద్యార్థికి ముందే తెలుసు. తొలిసారి స్టాప్‌వాచ్ నొక్కడంలో ఆలస్యమై 1,040 వచ్చిందనుకోండి. రికార్డులో ఆ సంఖ్య రాస్తే మార్కులు పోతాయి కనుక, పక్కవాడి రీడింగులు చూసో, జవాబు నుంచి వెనక్కి లెక్క కట్టో, 979 వచ్చేలా పట్టిక నింపుతాడు. మాస్టారు సంతకం పెడతారు. ఫస్ట్ ఇంటర్ పొడవునా ఎంట్రన్సు కోచింగే నడిచి, ప్రయోగాలన్నీ సెకండ్ ఇంటర్ చివర్లో, ముప్పై మార్కుల ప్రాక్టికల్ పరీక్షకు ముందు వారాల్లో గబగబా ముగిసే చోట్ల ఇది మామూలు సంగతి. నైతికత సంగతి పక్కన పెట్టి, ఆ విద్యార్థి చేతికి ఏ ఆధారం అందిందో చూడండి. తన కన్ను, తన చెయ్యి, తన లెక్క కలిసి తప్పు జవాబు ఇచ్చాయి. కాపీ కొట్టిన అంకెలు మంచి మార్కులు తెచ్చాయి. అంటే ప్రయోగం తనవల్ల కాదన్న నిర్ధారణకు మనమే ముద్ర వేసి ఇచ్చాం. అదే విద్యార్థికి 1,040 ఎందుకు వచ్చిందో కనుక్కోమని, డోలనాల సంఖ్య పెంచి మళ్లీ కొలవమని చెబితే, రెండోసారి 1,000 వచ్చినా, అది అతను సంపాదించిన సంఖ్య. తప్పు ఎక్కడుందో తానే పట్టుకున్న అనుభవం సులువుగా వచ్చిన సరైన జవాబు కంటే గట్టి పునాది. సులువైన విజయాలకు మాత్రమే అలవాటుపడినవారు మొదటి ఓటమికే కుంగిపోతారని బందూరా కూడా హెచ్చరించారు. ద్రావణం గాఢత కనుక్కునే టైట్రేషన్‌లో లేత గులాబీ రంగు దాటిపోయి ముదురు రంగు వచ్చిన ప్రతి ఫ్లాస్కుకూ ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు నమ్మకానికీ వాస్తవానికీ మధ్య ఉండే దూరం సంగతి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఎర్లింగర్, డన్నింగ్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థినులు, విద్యార్థులు ఒకే సైన్సు క్విజ్ రాశారు. స్కోర్లు ఇంచుమించు సమానంగా వచ్చాయి. కానీ తమ శాస్త్రీయ సామర్థ్యాన్ని ముందే తక్కువగా భావించిన అమ్మాయిలు, రాసిన క్విజ్‌లో తమకు వచ్చి ఉంటాయనుకున్న మార్కులను కూడా తక్కువగానే అంచనా వేశారు. తర్వాత ఒక సైన్సు పోటీలో పాల్గొంటారా అని అడిగితే, వద్దన్నవారు వారిలోనే ఎక్కువ. పోటీకి వెళ్లాలా వద్దా అన్నది వచ్చిన మార్కుల మీద కాకుండా, వచ్చాయనుకున్న మార్కుల మీద ఆధారపడింది. 2018లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించిన ఫలితం ఇంకా కలవరపరిచేది: ప్రాథమిక భౌతికశాస్త్ర కోర్సుల్లో 'A' గ్రేడు తెచ్చుకున్న అమ్మాయిలకు భౌతికశాస్త్రంలో తమ శక్తిపై ఉన్న నమ్మకం, 'C' గ్రేడు తెచ్చుకున్న అబ్బాయిల నమ్మకంతో సమానంగా ఉంది. అంటే మంచి మార్కులు కూడా ఒక్కోసారి ఆధారంగా పనిచేయవు. 'అదృష్టం బాగుంది', 'పేపరు సులువుగా వచ్చింది' అని విద్యార్థిని వాటిని కొట్టిపారేస్తుంది.

ఎందుకిలా అన్నదానికి ఒక జవాబు జెల్డిన్, పజారెస్ 2000లో చేసిన ముఖాముఖి పరిశోధనలో దొరుకుతుంది. గణిత, శాస్త్ర, సాంకేతిక వృత్తుల్లో నిలదొక్కుకున్న స్త్రీలు తమ జీవితాలను చెప్పినప్పుడు, వారి నమ్మకానికి ఎక్కువ భాగం ఇతరుల మాటల నుంచీ, చూసిన ఆదర్శాల నుంచీ వచ్చినట్టు తేలింది. ఆ తర్వాత ఇదే ప్రశ్నలు పురుషులను అడిగితే, వారు ఎక్కువగా తాము సాధించినవాటినే చెప్పుకున్నారు. చుట్టూ ఉన్నవారు 'ఇది నీ చోటు కాదు' అని మాటలతోనో మౌనంతోనో చెబుతున్నప్పుడు, సొంత విజయం ఒక్కటే సరిపోదు. దానికి ఎవరో ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. 1933లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరబోయిన కమలా సోహోనీని, మహిళ అన్న కారణంతో సి.వి. రామన్ మొదట నిరాకరించి, ఆమె పట్టుబట్టాక షరతులతో, ఏడాది పరిశీలన కింద చేర్చుకున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆమె 1939లో కేంబ్రిడ్జి నుంచి డాక్టరేట్ పొందారు. అంతటి పట్టుదల లేని వందమంది వెనక్కి తిరిగి వెళ్లిపోయి ఉంటే వారి లెక్క ఏ చరిత్రలోనూ ఉండదు.

పోలిక గురించి చెప్పవలసింది చాలా ఉంది, మన రెండు తెలుగు రాష్ట్రాలకు ఇది నేరుగా తగిలేది కూడా. ఆస్ట్రేలియా పరిశోధకుడు హెర్బర్ట్ మార్ష్ 1980ల నుంచి చెబుతున్నదేమిటంటే, సమాన ప్రతిభ ఉన్న ఇద్దరు విద్యార్థుల్లో, అత్యంత ప్రతిభావంతులను ఏరి కూర్చిన పాఠశాలలో చదివేవారికి తమ విద్యా సామర్థ్యంపై అభిప్రాయం తక్కువగా ఉంటుంది. 2003లో మార్ష్, హౌ కలిసి 26 దేశాలకు చెందిన లక్షకు పైగా విద్యార్థుల సమాచారాన్ని పరిశీలిస్తే, దాదాపు అన్ని దేశాల్లోనూ ఇదే కనిపించింది. పిల్లలు తమ చదువును భౌతికశాస్త్రంతో పోల్చుకుని కొలుచుకోరు, పక్క బెంచీతో పోల్చుకుని కొలుచుకుంటారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మొదటి స్థానంలో నిలిచిన అమ్మాయి, నగరంలోని రెసిడెన్షియల్ కళాశాలలో ఎంపీసీలో చేరి, మొదటి వీకెండ్ టెస్టు తర్వాత కింది సెక్షన్‌కు మారుతుంది. ఆమెకు తెలిసిన న్యూటన్ నియమాల్లో ఏ ఒక్కటీ ఆ వారంలో చెరిగిపోలేదు. తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లిషు మాధ్యమానికి మారిన పిల్లలైతే, ప్రశ్న అర్థం కాకపోవడాన్ని భౌతికశాస్త్రం రాకపోవడంగా పొరబడతారు. ఆ పొరపాటును సరిదిద్దే తీరిక ఎవరికీ ఉండదు. నోటీసు బోర్డు మీద ర్యాంకుల జాబితా అంటించడం వల్ల పైనున్న పదిమంది ఉత్సాహపడవచ్చు. మిగతా నూట పదిమందికి అది చెప్పేది వారి స్థానం ఒక్కటే, వారికి ఏం వచ్చో, ఏం రాదో అందులో ఒక్క ముక్క ఉండదు. సైన్సు, గణితం, ఇంజనీరింగ్ కోర్సులు వదిలిపెట్టిన అమెరికన్ విద్యార్థులపై సేమూర్, హెవిట్ 1997లో వెలువరించిన విస్తృత అధ్యయనం కూడా, వెళ్లిపోయినవారికీ నిలిచినవారికీ సామర్థ్యంలో పెద్ద తేడా లేదనీ, బోధన తీరు, వడపోసే సంస్కృతి గురించిన ఫిర్యాదులు ఇద్దరివీ ఒకటేననీ తేల్చింది.

మాటల ప్రభావాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఏ మాట అన్నదే ప్రశ్న. మ్యూలర్, డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు పిల్లలను తెలివైనవారని, మరికొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కఠినమైన పజిళ్లు ఇచ్చి, ఆపై మళ్లీ మామూలు పజిళ్లు ఇస్తే, తెలివిని మెచ్చుకున్న పిల్లలు వెనకబడ్డారు. ఇంకో పాఠశాల పిల్లలకు తమ మార్కులు రాసి పంపమంటే, ఆ జట్టులో పదిమందికి సుమారు నలుగురు ఎక్కువ వేసి రాశారు. లోలకం రికార్డుకు ఇది ఎంత దగ్గరి చుట్టమో చూడండి. తెలివే పణంగా మారినప్పుడు అంకెలు దిద్దాలనిపిస్తుంది. విమర్శ విషయంలోనూ ఇలాంటి ఫలితమే ఉంది. కోహెన్, స్టీల్, రాస్ 1999లో చూపినదాని ప్రకారం, వివక్ష భయం ఉన్న విద్యార్థికి ఉత్త విమర్శ పనిచేయదు, ఉత్త పొగడ్త కూడా పనిచేయదు; 'నా ప్రమాణాలు ఎక్కువ, నువ్వు వాటిని అందుకోగలవని నాకు తెలుసు, అందుకే ఇన్ని దిద్దుబాట్లు రాశాను' అన్న విమర్శ పనిచేస్తుంది.

తనలాంటివారిని చూడడం అనే రెండో మూలం మీద ఒక చిన్న విషయం. 1985లో షంక్, హాన్సన్ తీసివేతలు రాని పిల్లలకు ఒక జట్టులో ఉపాధ్యాయుడు చేస్తుండగా, మరో జట్టులో తోటి పిల్లవాడు చేస్తుండగా చూపించారు. తోటివాడిని చూసినవారికే నమ్మకమూ, నేర్చుకున్నదీ ఎక్కువ. శాస్త్రవేత్తల కథలకూ ఈ సూత్రం వర్తిస్తుంది. 2016లో న్యూయార్క్‌లో 402 మంది హైస్కూలు విద్యార్థులపై జరిగిన ప్రయోగంలో ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ, ఫారడేల విజయాలు మాత్రమే చదివినవారి కంటే, వారు ఎదుర్కొన్న ఇబ్బందులు చదివినవారికి సైన్సు మార్కులు మెరుగయ్యాయి. అప్పటికే వెనకబడి ఉన్నవారికి లాభం ఎక్కువ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి మనం చెప్పేటప్పుడు ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి, ఏటీపీ, ఫోలిక్ ఆమ్లం అని జాబితా చదువుతాం. ఆయన మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారన్నది మాత్రం సభా మర్యాద కోసమో ఏమో దాచేస్తాం. ఆ పరీక్ష రెండుసార్లు తప్పిన పిల్లవాడికి కావలసింది సరిగ్గా ఆ వాక్యమే.

కలిసి పనిచేయడం గురించి అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1970ల చివర్లో యూరి ట్రీస్‌మన్ చేసిన పరిశీలన నాకెంతో ఇష్టమైనది. కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు తప్పుతున్నారని అడిగితే, అధ్యాపకులు ఆసక్తి లేదనీ, కుటుంబ మద్దతు లేదనీ కారణాలు చెప్పారు. ఆయన వారి వెంట తిరిగి చూస్తే అవేవీ నిలవలేదు. వారు చెప్పిన గంటలు చదువుతున్నారు, కానీ ఒంటరిగా చదువుతున్నారు. చైనా సంతతి విద్యార్థులు చదివినది ఒకచోట చేరి సరిచూసుకుంటున్నారు. ఒంటరిగా చదివేవారికి లెక్క అందరికీ కష్టంగానే ఉందన్న సమాచారమే అందదు, ఆ కష్టం తన ఒక్కడి లోపంలా కనిపిస్తుంది. ట్రీస్‌మన్ వారికి రెమిడియల్ తరగతులు పెట్టలేదు. మామూలు కంటే కఠినమైన లెక్కలిచ్చి జట్లుగా కూర్చోబెట్టారు, ఫలితాలు గణనీయంగా మారాయి. మన దగ్గర వెనకబడినవారికి సులువైన ప్రశ్నల పుస్తకం చేతిలో పెట్టడం దయలాగే కనిపిస్తుంది, కానీ అది మోసుకొచ్చే సమాచారం వేరు.

జట్టు పనికి విద్యార్థుల నుంచే అభ్యంతరం వస్తుందని మీరు అనవచ్చు, అది నిజం. హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో 2019లో వెల్లడైన అధ్యయనం ప్రకారం, చర్చిస్తూ లెక్కలు చేసిన విద్యార్థులు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకుని కూడా తక్కువ నేర్చుకున్నామని భావించారు. చక్కటి ఉపన్యాసం విన్నవారు ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. ఉపన్యాసం ఇస్తూ ఈ మాట చెప్పడంలోని ఇబ్బంది నాకు తెలుసు. తడబాటు నేర్చుకోవడంలో భాగమని కోర్సు మొదట్లోనే వివరిస్తే ఈ అపార్థం తగ్గుతుంది. వైవాలో గొంతు వణకడం, చేతులు చెమర్చడం కూడా ఇలాంటివే. ఆ ఉద్వేగం పనికి సాయపడవచ్చని ముందుగా చెప్పిన విద్యార్థులు గణిత పరీక్షలో మెరుగ్గా రాశారని జేమీసన్ బృందం 2010లో చూపింది.

కాగితం మీద పావుగంట రాయించి అంతరాలు చెరిపేసే చిట్కాల విషయంలో మాత్రం నేను ఆచితూచి ఉంటాను. తమకు ముఖ్యమైన విలువల గురించి రెండుసార్లు రాసిన కొలరాడో భౌతికశాస్త్ర విద్యార్థినుల మార్కులు పెరిగాయని 2010లో సైన్స్ పత్రికలో వచ్చిన ఫలితం, ఇతర చోట్ల ఒకేలా పునరావృతం కాలేదు. తెలివి పెంచుకోదగినదని గంటలోపు ఆన్‌లైన్‌లో నేర్పే కార్యక్రమాన్ని సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి విద్యార్థులపై పరీక్షించిన 2019 నాటి అమెరికన్ అధ్యయనంలో, వెనకబడిన విద్యార్థులకు నాలుగు పాయింట్ల స్కేలు మీద వచ్చిన లాభం 0.1 మాత్రమే, అది కూడా సవాళ్లను తోటివారు మెచ్చే పాఠశాలల్లో ఎక్కువ. ఖర్చుతో పోలిస్తే తీసిపారేయదగింది కాదు, ప్రచారంతో పోలిస్తే చాలా చిన్నది.

ఇవన్నీ ఎక్కువగా అమెరికా, ఆస్ట్రేలియా లెక్కలు. మన ఇంటర్ కళాశాలల్లో ఇవి ఎలా ఉంటాయో మనమే కొలవాలి, దానికి పెద్ద నిధులు అక్కర్లేదు. వచ్చే ఏడాది ఏవైనా ఐదు ప్రయోగాలు ఎంచుకోండి. ప్రయోగానికి ముందు ప్రతి విద్యార్థీ ఒక చీటీ మీద, తెలుగులోనో ఇంగ్లిషులోనో తనకు వీలైన భాషలో, ఈ మూడు పనులూ తాను చేయగలనన్న నమ్మకం 0 నుంచి 100లో ఎంతో రాయాలి: పరికరం అమర్చడం, రీడింగు తీయడం, తేడా వస్తే కారణం కనుక్కోవడం. ప్రయోగం తర్వాత మళ్లీ రాయాలి. చీటీల మీద పేర్లు కాకుండా కోడ్ నంబర్లు ఉండాలి, అవి ఇంటర్నల్ మార్కులతో ఏ విధంగానూ ముడిపడకూడదు, లేకపోతే అందరూ 90 రాస్తారు. సగం బ్యాచీల్లో రీడింగు ఎంత వచ్చినా నిజాయతీగా రాసి కారణం వివరిస్తేనే మార్కులని ముందే ప్రకటించండి, మిగతా సగం బ్యాచీల్లో ఇప్పటి పద్ధతే కొనసాగించండి. ఏ బ్యాచీ ఎటు అన్నది చీట్లు తీసి నిర్ణయించండి, మీకు నచ్చిన బ్యాచీని మంచి వైపు వేయకండి. ఏడాది చివర మూడో పని మీద, అంటే తేడాకు కారణం కనుక్కోవడం మీద, రెండు జట్ల నమ్మకాన్నీ, ఆ పనిని నిజంగా చేయించి వచ్చిన ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. చీటీ నమూనా, కోడ్ నంబర్ల పట్టిక తయారుచేసి తెచ్చాను, వెనక బల్ల మీద ఉన్నాయి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.